యారోమీర్ యాగర్ వృత్తి జీవితం: ఓమ్‌స్క్‌లో గడిచిన మూడేళ్ళను నష్టంగా లెక్కించాలా?

రెండవపీరియడ్:

చెక్ ఐస్ హాకీ ఆటగాడు యారోమీర్ యాగర్ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా మొదట 1,921 అనే అంకె ముందుకు వస్తుంది. ఉత్తర అమెరికాలోని ప్రధాన ఐస్ హాకీ లీగయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయన ఆడిన 1,733 మ్యాచ్‌లలో 766 గోల్స్, 1,155 అసిస్ట్‌లు (సహచరుడి గోల్‌కు దారితీసిన పాస్‌లు) కలిపితే వచ్చిన మొత్తం పాయింట్లు అవి. పాయింట్ల పట్టికలో ఆయనకు పైన వేన్ గ్రెట్స్కీ ఒక్కరే ఉన్నారు. ఆ అంకె చెప్పగానే ఇక మాట్లాడవలసినదేమీ లేదన్నట్టు చర్చ ఆగిపోవడం నాకు చాలాకాలంగా అసంతృప్తి కలిగిస్తున్న విషయం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆయన వృత్తి జీవితంలో అన్నిటికన్నా విలువైనది, ఐదు స్కోరింగ్ టైటిళ్ళు గెలిచిన యౌవనం కాదు. 2008లో ఎన్‌హెచ్‌ఎల్‌ను విడిచి, మూడు సీజన్లు రష్యాలోని అవన్‌గార్డ్ ఓమ్‌స్క్ జట్టుకు ఆడి, 2011లో 39 ఏళ్ళ వయసులో తిరిగివచ్చి, ఏడు సీజన్లలో ఆరు జట్ల తరఫున ఆడిన 460 మ్యాచ్‌లే నా దృష్టిలో ఆయన అసలు ఘనత. ఆ మ్యాచ్‌లలో ఆయన 120 గోల్స్, 322 పాయింట్లు సాధించారు. తోటివారందరూ స్కేట్లు విప్పేసిన వయసులో ఆయన ఇంకా మొదటి లైనులో, అంటే జట్టు ప్రధాన ఫార్వర్డ్‌ల త్రయంలో, ఆడుతున్నారు.

సభ్యులను నేను అడగదలచుకున్న ప్రశ్న ఒక్కటే. ఓమ్‌స్క్‌లో గడిచిన మూడేళ్ళను రికార్డులకు జరిగిన నష్టంగా చూడాలా, లేక ఆ తరువాతి ఏడేళ్ళను సాధ్యం చేసిన కాలంగా చూడాలా?


పాతస్కోర్‌కార్డు:

మీ ప్రశ్న మంచిదే గాని, యౌవన దశను అంత తేలికగా పక్కన పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. సీజన్‌లో అత్యధిక పాయింట్లు చేసినవారికిచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీలు ఆయనకు ఐదు, 1995లోను, మళ్ళీ 1998 నుంచి 2001 వరకు వరుసగా నాలుగేళ్ళూ వచ్చాయి. ఆ నాలుగేళ్ళు ఎటువంటివో గుర్తు చేసుకోవాలి. రక్షణకే ప్రాధాన్యమిచ్చే వ్యూహాలు లీగంతా పాకిపోయి, ఫార్వర్డ్‌లను స్టిక్‌తో లాగి పట్టుకున్నా రిఫరీలు చూసీచూడనట్టు వదిలేసి, గోల్‌కీపర్ల రక్షణ కవచాలు నానాటికీ పెద్దవై, గోల్స్ కరువైన కాలమది. 1997–98లో లీగ్ మొత్తం మీద 100 పాయింట్లు దాటిన ఆటగాడు యాగర్ ఒక్కరే. ఆయన 102 పాయింట్లు సాధిస్తే రెండవ స్థానంలో నిలిచిన పీటర్ ఫోర్స్‌బర్గ్‌కు 91 వచ్చాయి. మరుసటి ఏడు యాగర్‌కు 127, ఆయన తరువాతి స్థానంలో ఉన్న టేము సెలానెకు 107.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది 1999–2000 సీజన్. గాయాల వల్ల 82లో 63 మ్యాచ్‌లే ఆడి, 96 పాయింట్లతో టైటిల్ గెలిచారు. దాదాపు నాలుగో వంతు సీజన్‌కు దూరమైన మనిషి పట్టికలో అందరికన్నా పైన నిలిచారు! ఆ ఏడు అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ క్రిస్ ప్రాంగర్‌కు దక్కగా, యాగర్‌కు ఒకే ఒక్క పాయింటు తేడాతో చేజారింది. అంతకు ముందు 1995–96లో ఆయన చేసిన 149 పాయింట్లను నేటికీ ఏ కుడి వింగర్ (కుడి పక్క నుంచి ఆడే ఫార్వర్డ్) దాటలేదు. ఇంత చేసిన దశ కన్నా 40 ఏళ్ళ వయసులో చేసిన 54 లేదా 66 పాయింట్లు గొప్పవని చెప్పాలంటే గట్టి కారణం చూపించాలి.


నీలిగీత:

ఓమ్‌స్క్ ప్రశ్నకు ముందుగా కాగితం మీద లెక్క కడదాం.

రష్యాకు వెళ్ళే ముందు చివరి సీజన్ 2007–08లో ఆయన గోల్స్ 25. తిరిగివచ్చిన మొదటి సీజన్ 2011–12లో 19. సగటున ఏడాదికి 22 అనుకుంటే మూడేళ్ళకు 66. అలాగే 2004–05 సీజన్ మొత్తం లాకౌట్‌లో, అంటే జట్ల యజమానులకూ ఆటగాళ్ళకూ మధ్య వివాదంతో లీగ్ ఆగిపోవడంలో, కొట్టుకుపోయింది. దాని ముందు ఏడు 31 గోల్స్, తరువాతి ఏడు 54 చేసిన ఆటగాడికి మధ్యలో 42 వేయడం అన్యాయం కాదు. ఈ రెండూ కలిపితే 874 అవుతుంది. 1994–95 లాకౌట్ వల్ల లీగ్ 48 మ్యాచ్‌లకు కుదించుకుపోగా, ఆ 48లో ఆయన 32 గోల్స్ చేశారు. పోయిన 36 మ్యాచ్‌లకు అదే వేగం లెక్కిస్తే మరో 24 వచ్చి 898 దగ్గర ఆగుతుంది. గ్రెట్స్కీ గోల్స్ 894. 2012–13లో పోయిన సగం సీజన్‌ను నేనింకా కలపనే లేదు.

కాబట్టి నా దృష్టిలో అది నష్టమే. గోర్డీ హౌ చేసిన 801 గోల్స్‌ను ఆయన నిస్సందేహంగా దాటి ఉండేవారు. గ్రెట్స్కీ గోల్స్ రికార్డును అందుకునే తొలి అవకాశం, 2025లో దానిని దాటిన అలెక్స్ ఒవెచ్కిన్ కన్నా ఎంతో ముందు, ఆయనకే ఉండేది.


స్టిక్‌టేప్:

నీలిగీత గారి లెక్కలో అంకెలు సరిగానే ఉన్నాయి గాని, ఒకరికి లెక్క కడితే అందరికీ కట్టాలి. 1994–95లో పోయిన 36 మ్యాచ్‌లు గ్రెట్స్కీకి కూడా పోయాయి. పైగా గ్రెట్స్కీ 1978–79లో పోటీ లీగయిన డబ్ల్యూహెచ్‌ఏలో చేసిన 46 గోల్స్ ఆయన 894లో చేరలేదు. హౌ కూడా అదే లీగ్‌లో ఆరు సీజన్లు ఆడి 174 గోల్స్ చేశారు. అవన్నీ కలిపితే హౌ మొత్తం 975కు చేరుతుంది. అప్పుడు యాగర్‌కు ఊహించిన 898 మళ్ళీ వెనకబడుతుంది.

పాయింట్ల విషయంలోనైతే ఊహకు కూడా తావు లేదు. గ్రెట్స్కీ అసిస్ట్‌లే 1,963. గోల్స్ అన్నీ తీసేసినా ఆయన యాగర్ 1,921 కంటే పైనే ఉంటారు.


బోర్డులపక్కన:

నేను చాలా ఏళ్ళు డిఫెన్స్‌మన్‌గా ఆడాను, తరువాత పిల్లలకు శిక్షణ ఇచ్చాను. అందుకే అంకెల కంటే ఆట ద్వారా జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. వయసు మీద పడ్డాక కూడా యాగర్ ఎందుకు ఆడగలిగారన్నది ఆయన పక్‌ను, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను, కాపాడుకునే తీరులోనే ఉంది.

సాధారణంగా ఒక వింగర్, ఆట జరిగే మంచు రింక్ చుట్టూ గోడలా ఉండే బోర్డుల దగ్గర పక్ అందుకోగానే డిఫెన్స్‌మన్ అతని మీదికి వచ్చి, భుజంతో గోడకు నొక్కి, స్టిక్‌తో పక్‌ను విడదీస్తాడు. యాగర్ ఆ సమయంలో ప్రత్యర్థికి వీపు చూపేవారు. మోకాళ్ళు వంచి, కాళ్ళు వెడల్పుగా పెట్టి, నడుమును కిందికి దించి, తన శరీరం మొత్తాన్ని పక్‌కూ ప్రత్యర్థికీ మధ్య అడ్డుగోడగా నిలబెట్టేవారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, పొడవాటి చేతులు. ఒంటిచేత్తో స్టిక్‌ను దూరంగా చాచి పక్‌ను దాని చివర ఆడించుకుంటుంటే, వెనక నుంచి ఎంత తోసినా డిఫెన్స్‌మన్ స్టిక్ అక్కడికి చేరేది కాదు. ఎటు నుంచి నొక్కితే ఆ ఒత్తిడినే ఆసరా చేసుకుని అవతలి వైపుకు తిరిగేవారు. ఒక్కరి వల్ల కాక రెండవవాడు కూడా వచ్చాడంటే అదే ఆయనకు కావలసినది, ఎందుకంటే అప్పటికి రింక్‌లో మరెక్కడో ఒక సహచరుడు ఒంటరిగా మిగిలి ఉంటాడు, పాస్ అతనికి వెళ్ళిపోతుంది.

ఇది చూడ్డానికి బలంలా కనిపిస్తుంది గాని, సగం బలం, సగం సమయజ్ఞానం. చిన్నతనంలో ఏడేళ్ళ వయసు నుంచే రోజుకు వెయ్యి గుంజీలు తీసేవాడినని ఆయనే చెప్పుకున్నారు. 40 దాటాక కూడా మ్యాచ్ ముగిసిన తరువాత రాత్రిపూట ఖాళీ రింక్‌లో, బరువులు కట్టిన చొక్కా తొడుక్కుని, బరువైన స్టిక్‌తో సాధన చేసేవారు. వేగం ముప్పై ఏళ్ళు దాటాక తగ్గుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. కాని నడుము కింది బలాన్ని, పక్ ఎక్కడ దాచాలన్న ఎరుకను కష్టపడి నిలబెట్టుకోవచ్చు. ఆయన చేసింది అదే. యౌవనంలో వేగం వల్ల ఈ నైపుణ్యం మరుగున పడింది. వేగం పోయాకే అది స్పష్టంగా కనిపించింది. ఈ కారణంగా నేను రెండవపీరియడ్ గారితో ఏకీభవిస్తున్నాను.

2015–16 ఫ్లోరిడా పాంథర్స్‌ను చూడండి. ఒక పక్క 20 ఏళ్ళ అలెక్సాండర్ బార్కోవ్, మరో పక్క జొనాథన్ హ్యూబర్డో, వారితో 43 ఏళ్ళ యాగర్. ఆ సీజన్‌లోనే ఆయనకు 44 నిండాయి. 79 మ్యాచ్‌లలో 27 గోల్స్, 66 పాయింట్లు. జట్టు తన డివిజన్‌లో మొదటి స్థానం సాధించింది. బార్కోవ్ ఈనాడు బోర్డుల దగ్గర పక్‌ను కాపాడుకునే తీరులో నాకు ఆ పాత పాఠం కనిపిస్తూనే ఉంటుంది.


కుడివైపుసీటు:

ఎవరూ తాకని ఒక అధ్యాయాన్ని నేను ముందుకు తెస్తాను. 2001 జూలైలో ఆయన మొదటి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఆయనను వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు ట్రేడ్ చేసింది, అంటే ఆటగాళ్ళ మార్పిడిలో ఇచ్చేసింది. వాషింగ్టన్ ఆయనతో ఏడేళ్ళకు 7.7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అప్పటికి లీగ్‌లో అంత పెద్ద ఒప్పందం లేదు. ఫలితం ఏమిటి? అంతకు ముందు ఏడు 121 పాయింట్లు చేసిన ఆటగాడు వాషింగ్టన్‌లో మొదటి ఏడు 79, రెండవ ఏడు 77 పాయింట్లకు పడిపోయారు. జట్టు మొదటి ఏడు సీజన్ చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌కే చేరలేదు, రెండవ ఏడు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. 2004 జనవరిలో ఆన్సన్ కార్టర్‌ను తీసుకుని ఆయనను న్యూయార్క్ రేంజర్స్‌కు పంపించారు. పైగా వదిలించుకోవడం కోసం ఆయన జీతంలో కొంత భాగాన్ని తామే భరించడానికి కూడా సిద్ధపడ్డారు.

ఆయన గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. కాని ఓమ్‌స్క్‌లో గడిచిన మూడేళ్ళ గురించి బాధపడేవారు వాషింగ్టన్‌లో గడిచిన రెండున్నరేళ్ళ గురించి అంతకన్నా ఎక్కువ బాధపడాలని నా అభిప్రాయం. 29 నుంచి 31 ఏళ్ళ వయసు ఒక ఫార్వర్డ్‌కు పండిన కాలం. మనసు లేకుండా ఆడితే ఆ కాలం ఎంత వృథా అవుతుందో అక్కడ కనిపించింది.


పాతస్కోర్‌కార్డు:

కుడివైపుసీటు గారూ, వాషింగ్టన్ గురించి మీరు చెప్పినది చేదు నిజం, దానికి నా దగ్గర సమర్థన లేదు. దాని వెంటనే వచ్చిన 2005–06 సీజన్‌ను మాత్రం పక్కనే పెట్టి చూడాలి. రేంజర్స్ తరఫున 54 గోల్స్, 123 పాయింట్లు. ఆ రెండూ దాదాపు ఎనభై ఏళ్ళ చరిత్ర ఉన్న ఆ జట్టుకు అప్పటికి ఏ ఆటగాడూ ఇవ్వని అంకెలు. స్కోరింగ్ టైటిల్‌ను జో థార్న్‌టన్ 125తో, గోల్స్ ట్రోఫీని జొనాథన్ చీచూ 56తో తీసుకున్నారు. రెండూ సరిగ్గా రెండేసి తేడాతోనే పోయాయి. ఆటగాళ్ళు తమలో తాము ఓటు వేసుకుని ఇచ్చే పియర్సన్ అవార్డు మాత్రం యాగర్‌కే దక్కింది. ఎదురుగా నిలబడి ఆడినవారి తీర్పు అది.


కొత్తప్రేక్షకుడు:

నేను ఈ ఆటను కొద్దికాలంగానే చూస్తున్నాను. యాగర్‌కు 135 గెలుపు గోల్స్ ఉన్నాయని చదివాను. గెలుపు గోల్ అంటే మ్యాచ్‌లో ఆఖరి గోలా? అలాగే ఆయన 68 అనే నంబరును ఎందుకు ఎంచుకున్నారో ఎవరైనా వివరిస్తే సంతోషిస్తాను.


స్టిక్‌టేప్:

ఆఖరి గోల్ కాదు. ఓడిన జట్టు చివరికి చేసిన గోల్స్ సంఖ్య కన్నా గెలిచిన జట్టును ఒకటి పైకి తీసుకెళ్ళిన గోల్‌ను గెలుపు గోల్ అంటారు. 5–2తో ముగిసిన మ్యాచ్‌లో గెలిచిన జట్టు మూడవ గోల్ అది.

68 సంగతి పెద్దది, క్లాడ్నో గారు సరిగా చెప్పగలరు.


క్లాడ్నో:

1968లో చెకోస్లొవేకియాలో ప్రాగ్ వసంతమని పిలిచే సంస్కరణల కాలం నడిచింది. ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద దేశాల సైన్యాలు దేశంలోకి చొరబడి దానిని అణచివేశాయి. యాగర్ తాతగారు రైతు. ఆయన పేరు కూడా యారోమీరే. భూముల సమష్టీకరణకు లొంగనందుకు ఆయన జైలు పాలయ్యారు. ఆయన మరణించినది కూడా 1968లోనే. ఆ తరువాత నాలుగేళ్ళకు, 1972 ఫిబ్రవరి 15న, ప్రాగ్‌కు దగ్గరలోని ఉక్కు పరిశ్రమల పట్టణం క్లాడ్నోలో మనవడు పుట్టాడు. తన వీపు మీద అతడు ఎత్తుకు తిరిగిన 68 ఆ దేశ గాయానికీ, ఆ ఇంటి గాయానికీ గుర్తు.

అందుకే 1990 డ్రాఫ్ట్‌ను, అంటే కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమాన్ని, నేను కేవలం ఐదవ ఎంపికగా చూడలేను. అంతకు ముందు తరం చెకోస్లొవాక్ ఆటగాళ్ళు ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్ళాలంటే చాలావరకు దేశం విడిచి పారిపోవలసి వచ్చేది. 1989 చివర్లో కమ్యూనిస్టు పాలన కూలిపోయాక, దేశాన్ని విడిచి పారిపోకుండానే డ్రాఫ్ట్‌కు హాజరైన మొదటి చెకోస్లొవాక్ ఆటగాడు యాగర్. ఓవెన్ నోలన్, పెట్ర్ నెద్వెద్, కీత్ ప్రిమో, మైక్ రిచి అనే నలుగురి తరువాత పిట్స్‌బర్గ్ ఆయనను తీసుకుంది.

18 ఏళ్ళ కుర్రవాడు, భాష రాదు, తాను ఆరాధించిన పిట్స్‌బర్గ్ మేటి ఆటగాడు మారియో లెమ్యూ వెన్ను శస్త్రచికిత్స వల్ల సీజన్‌లో ఎక్కువ భాగం ఆడలేదు. ఇంటి మీద బెంగతో కుంగిపోతున్న అతడికి తోడుగా ఉంటాడనే ఆలోచనతో పిట్స్‌బర్గ్ యాజమాన్యం 1990 డిసెంబరులో చెక్ ఆటగాడు యిర్జీ హర్డినాను కాల్గరీ నుంచి తెచ్చుకుంది. ఒక కొత్త ఆటగాడికి మాట్లాడే మనిషి కావాలని గుర్తించి ట్రేడ్ చేయడం నాకు ఎంతో నచ్చిన నిర్ణయం. ఆ సీజన్ ముగిసేసరికి యాగర్‌కు 57 పాయింట్లు, జట్టుకు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్. 1992లో మళ్ళీ కప్. ఆ ఏడు షికాగోతో ఫైనల్ మొదటి మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్ 1–4తో వెనకబడి ఉండగా, ఆఖరి పీరియడ్‌లో ప్రత్యర్థుల గుంపును ఒక్కొక్కరిగా దాటుకుంటూ వెళ్ళి యాగర్ చేసిన గోల్‌తోనే స్కోరు సమమైంది. 13 సెకన్లు మిగిలి ఉండగా లెమ్యూ గెలిపించారు. యారోమీర్ (Jaromir) అనే పేరులోని ఆంగ్ల అక్షరాలను అటూ ఇటూ మారిస్తే మారియో జూనియర్ (Mario Jr) అనే మాట వస్తుందని అభిమానులు అప్పట్లోనే కనిపెట్టారు.


రెండవపీరియడ్:

క్లాడ్నో గారికి కృతజ్ఞతలు. పాతస్కోర్‌కార్డు గారు అడిగిన కారణాన్ని ఇప్పుడు చెబుతాను.

1990లలో యాగర్ పక్కన లెమ్యూ, రాన్ ఫ్రాన్సిస్ వంటివారు ఉన్నారు. జట్టు ఆట మొత్తం ఆయన చుట్టూ తిరిగేది. 2011 తరువాత ఆయన ఏ జట్టుకు వెళ్ళినా అక్కడ కొత్తవాడే, ఎక్కువగా ఒక్కో ఏడాది ఒప్పందం మీద, ప్రతి వేసవిలోనూ తనను తాను మళ్ళీ నిరూపించుకోవలసిన స్థితిలోనే ఉన్నారు. 2013లో బోస్టన్‌తో స్టాన్లీ కప్ ఫైనల్‌కు చేరారు. 1992 తరువాత 21 ఏళ్ళకు మళ్ళీ ఫైనల్! ఆ ప్లేఆఫ్స్‌లో 22 మ్యాచ్‌లలో ఆయనకు ఒక్క గోల్ కూడా రాలేదు, అసిస్ట్‌లు మాత్రం 10 వచ్చాయి. ఒకప్పుడు ఏడాదికి 62 గోల్స్ చేసిన మనిషి గోల్స్ లేకుండానే ఫైనల్ వరకు జట్టుకు పనికివచ్చే మార్గం వెతుక్కున్నారు. 2015 జనవరి 3న న్యూజెర్సీ తరఫున, 42 ఏళ్ళ 322 రోజుల వయసులో హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్) చేశారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అంత వయసులో ఎవరూ హ్యాట్రిక్ చేయలేదు. అదే ఏడు వసంతంలో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 43 ఏళ్ళ వయసులో, టోర్నమెంటు అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యారు.

ప్రతిభ ఉన్నవారు శిఖరం మీద అద్భుతంగా ఆడటం మనం ఎందరిలోనో చూశాం. శిఖరం దిగిన తరువాత తన ఆటను విప్పి, పనికిరాని భాగాన్ని వదిలి, మిగిలినదానితో మళ్ళీ కట్టుకున్నవారు చాలా తక్కువ. నా ప్రాధాన్యానికి కారణం అదే.


నీలిగీత:

ఆ వాదనను ఒప్పుకుంటూనే ఒక మాట అడుగుతాను. ఓమ్‌స్క్ ఆ రెండవ జీవితాన్ని సాధ్యం చేసిందనడానికి ఆధారం ఏమిటి? అక్కడికి వెళ్ళకపోయినా ఆయన 45 ఏళ్ళ వరకు ఆడి ఉండేవారేమో.


బోర్డులపక్కన:

రుజువు చేయడం ఎవరి వల్లా కాదు గాని, నా ఊహకు కొంత ఆధారం ఉంది. ఓమ్‌స్క్ జట్టు ఆడే రష్యా లీగ్ కేహెచ్‌ఎల్ మొదటి సీజన్‌లో ఒక్కో జట్టుకు 56 మ్యాచ్‌లే. ఎన్‌హెచ్‌ఎల్‌లో 82. మూడేళ్ళకు కలిపితే డెబ్బైకి పైగా మ్యాచ్‌ల దెబ్బలు శరీరానికి తప్పాయి. అక్కడి రింకులు వెడల్పు ఎక్కువ కావడంతో బోర్డుల దగ్గర ఢీకొట్టుకోవడం కూడా కొంత తక్కువ. 36 నుంచి 39 ఏళ్ళ వరకు శరీరం కోలుకోవడానికి రోజులు దొరకడం చిన్న విషయం కాదు.

ఆట స్థాయి పడిపోలేదనడానికి మరో సాక్ష్యం: ఆ మూడేళ్ళ మధ్యలోనే, 2010లో, వాంకూవర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో చెక్ పతాకాన్ని మోశారు, తరువాత జర్మనీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో రష్యాను 2–1తో ఓడించిన జట్టులో ఉన్నారు.


క్లాడ్నో:

ఓమ్‌స్క్ గురించి మాట్లాడేటప్పుడు 2008 అక్టోబరు 13ను వదిలేయకూడదు. ఆ రోజు మ్యాచ్‌లో అవన్‌గార్డ్ యువ ఆటగాడు అలెక్సీ చెరెపానోవ్ బెంచి మీద కుప్పకూలి మరణించాడు. వయసు 19. యాగర్‌తో కలిసి షిఫ్ట్ (మంచు మీద ఆడే వంతు) ముగించుకుని వచ్చి, ఆయన పక్కనే కూర్చున్నాడు. యాగర్ విడిచి వచ్చిన రేంజర్స్ జట్టే 2007 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆ కుర్రవాడిని ఎంపిక చేసుకుంది. ఓమ్‌స్క్ వచ్చిన తొలి శరత్కాలంలోనే ఇది జరిగింది. అయినా యాగర్ ఆ జట్టుతో మూడు సీజన్లూ పూర్తిచేశారు. ఆ మూడేళ్ళను 66 గోల్స్ నష్టమని రాసుకుంటే ఆ బెంచి మీద జరిగినది ఏ గడిలో రాయాలో నాకు అర్థం కాదు.


నీలిగీత:

ఈ సంఘటన జరిగిందని తెలుసు గాని, నా లెక్కకు ఎదురుగా పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ 66ను వెనక్కి తీసుకుంటున్నాను. లాకౌట్ లెక్క మాత్రం నిలుస్తుంది, ఎందుకంటే అది ఆయన ఎంచుకున్నది కాదు. ఓమ్‌స్క్ ఆయన ఎంచుకున్న చోటు.


కుడివైపుసీటు:

అయితే 2004–05 లాకౌట్ కూడా పూర్తిగా ఖాళీగా పోలేదు. ఆ సీజన్‌లో క్లాడ్నోకూ, ఓమ్‌స్క్‌కూ ఆడి, 2005లో వియన్నాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1991 స్టాన్లీ కప్, 1998 నగానో ఒలింపిక్ స్వర్ణం తరువాత, ఆటలోని మూడు పెద్ద గెలుపులలో ఆయనకు మిగిలినది అదే.

నగానో గురించి చెప్పుకునేటప్పుడు అందరూ డొమినిక్ హాషెక్‌నే తలుచుకుంటారు, అది న్యాయమే. కెనడాతో సెమీఫైనల్ షూటౌట్‌లో ఐదుగురు షూటర్లనూ ఆయన ఆపారు. అదే షూటౌట్‌లో యాగర్ కొట్టిన పక్ పోస్టుకు తగిలి బయటికి వచ్చింది. రాబర్ట్ రైహెల్ చేసిన ఒక్క గోల్ సరిపోయింది. అంగుళం తేడాలో తప్పిన ఆ షాట్‌ను నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.


పాతస్కోర్‌కార్డు:

పిట్స్‌బర్గ్ కెప్టెన్‌గా ఆయన చేసిన ఒక పని ఇంకా ఈ చర్చలో రాలేదు. 1998 నవంబరులో పెంగ్విన్స్ క్లబ్ దివాలా ప్రకటించింది. 1999 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో ఎనిమిదవ స్థానపు పిట్స్‌బర్గ్, తూర్పు విభాగంలో అగ్రస్థానంలో ఉన్న న్యూజెర్సీతో తలపడింది. గజ్జల గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన యాగర్, ఓడితే ఇంటికి పోవలసిన ఆరవ మ్యాచ్‌లో సరిగా స్కేట్ చేయలేని స్థితిలో దిగి, ఆట ముగియడానికి రెండు నిమిషాలకు కొంచెం ముందు స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కూడా తానే చేశారు. ఏడవ మ్యాచ్ కూడా గెలిచి జట్టు రెండవ రౌండ్‌కు చేరడంతో, సొంత స్టేడియంలో జరిగే మరిన్ని మ్యాచ్‌ల టికెట్ల ఆదాయం కష్టకాలంలో ఉన్న క్లబ్‌కు ఊపిరి పోసింది. ఆ ఏడే లెమ్యూ క్లబ్‌ను చేతుల్లోకి తీసుకున్నారు.

దానికి రెండు వారాల ముందు, ఏప్రిల్ 18న, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గ్రెట్స్కీ ఆడిన చివరి మ్యాచ్‌ను ఓవర్‌టైమ్‌లో ముగించిన గోల్ కూడా యాగర్‌దే.


కొత్తప్రేక్షకుడు:

ఇన్ని సంగతులు ఒకేచోట చదవడం నాకు పెద్ద లాభం. మరొక ప్రశ్న: ఇంత చేసిన ఆటగాడు టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎందుకు లేరు?


స్టిక్‌టేప్:

ఆట మాననందుకు. వృత్తి మ్యాచ్‌లకు మూడేళ్ళు దూరంగా ఉన్న తరువాతే ఆటగాడి పేరు పరిశీలనకు వస్తుంది. 2017–18లో కాల్గరీ తరఫున 22 మ్యాచ్‌లాడి, ఒకే గోల్ చేసి, గాయాలతో 2018 జనవరిలో ఎన్‌హెచ్‌ఎల్ నుంచి వెళ్ళిపోయాక కూడా ఆయన 2024–25 సీజన్ వరకు క్లాడ్నోలో ఆడుతూనే వచ్చారు. అందువల్ల అంతవరకు ఆ మూడేళ్ళ గడియారం మొదలే కాలేదు.


క్లాడ్నో:

ఆయన అక్కడ ఆటగాడు మాత్రమే కాదు, 2011లో ఆ క్లబ్‌కు ప్రధాన యజమాని కూడా అయ్యారు. తాను 16 ఏళ్ళ వయసులో పెద్దల జట్టుతో ఆట మొదలుపెట్టిన క్లబ్ అది. రెండుసార్లు కింది లీగ్‌కు పడిపోయి, 2021లో మళ్ళీ పైకి వచ్చింది. ప్రాయోజకులు, ప్రేక్షకులు ఆయన పేరు చూసి వచ్చేవారు. ఆయన రింక్‌లోకి దిగకపోతే క్లబ్ లెక్కలు కష్టమయ్యేవి. యాభై ఏళ్ళు దాటిన మనిషి స్కేట్లు కట్టుకోవడం రికార్డుల కోసం అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.


రెండవపీరియడ్:

నా ప్రశ్నకు నాకు జవాబు దొరికింది, నేను ఆశించినదాని కన్నా బరువైన జవాబు. ఓమ్‌స్క్‌ను నష్టమో లాభమో తేల్చే లెక్కగా చూడటమే నా పొరపాటు. ఐదు టైటిళ్ళ కన్నా 460 మ్యాచ్‌లు గొప్పవన్న మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతాను. పాతస్కోర్‌కార్డు గారు ఒప్పుకోరని తెలుసు.


పాతస్కోర్‌కార్డు:

ఒప్పుకోను. 63 మ్యాచ్‌లలో 96 పాయింట్ల సీజన్‌ను ఎవరు మళ్ళీ చేసి చూపినా అప్పుడు ఆలోచిస్తాను.

కాని మీరు ప్రస్తావించిన 2011 గురించి ఒక సంగతి చేర్చాలి. ఆ వేసవిలో ఆయన పిట్స్‌బర్గ్‌కే తిరిగివస్తారని అక్కడివారు ఎదురుచూశారు. ఆయన వారి చిరకాల ప్రత్యర్థి ఫిలడెల్ఫియాతో ఏడాదికి 33 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. పిట్స్‌బర్గ్‌లో ఆడిన ప్రతిసారీ, ఆయన పక్ తాకగానే స్టేడియమంతా ఎగతాళి కేకలతో నిండిపోయేది. ఒకప్పుడు ఆ జట్టు కోసం 806 మ్యాచ్‌లలో 1,079 పాయింట్లు చేసిన మనిషికి అది జరిగింది. నేనూ ఆ రోజుల్లో కోపంగా ఉన్నవాడినే.

2024 ఫిబ్రవరి 18న అదే స్టేడియంలో 68ను పైకప్పుకు ఎత్తారు. మిషెల్ బ్రియేర్ 21, లెమ్యూ 66 తరువాత ఆ క్లబ్ శాశ్వతంగా పక్కన పెట్టిన మూడవ నంబరు అది. మ్యాచ్‌కు ముందు పెంగ్విన్స్ ఆటగాళ్ళందరూ వీపున 68 ఉన్న చొక్కాలు తొడుక్కుని సాధనకు దిగితే, 52 ఏళ్ళ యాగర్ వారితో కలిసి స్కేట్ చేశారు. ఆ తరువాతి సీజన్ 2024–25లో కూడా ఆయన క్లాడ్నో తరఫున ఆడారు.